చిట్టెలుక కడుపుకు పెరుగు చుక్క చాలుతుందా?

జంషెడ్‌పూర్‌లోని టెల్కో కాలనీకి ఆ పేరు కంపెనీ నుంచి వచ్చింది. ఆవిరి రైలింజన్లు తయారుచేయడానికి 1945లో మొదలైన టాటా ఇంజనీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీయే టెల్కో. 2003లో కంపెనీ పేరు టాటా మోటార్స్‌గా మారింది. కాలనీని మాత్రం జనం ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తారు. కర్మాగారాల్లో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చి ఈ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో ఈ సంఘటన జరిగిందని ఊహించుకుందాం.

ఏడో తరగతి చదువుతున్న పిల్లవాడు రెండు తెల్ల చిట్టెలుకలను పెంచుతున్నాడు. వానాకాలం మొదలైన రోజులు. ఒక ఉదయం చూసేసరికి వాటిలో ఒకటి వీపు గూనిలా వంచుకుని మూలన కూర్చుంది. బియ్యపు గింజల్లా గట్టిగా ఉండాల్సిన పెంటికలు మెత్తబడి తోక కింద అంటుకున్నాయి.

"మామ్మా, దీనికి విరేచనాలు అవుతున్నట్టున్నాయి" అన్నాడు పిల్లవాడు.

"కాసింత పెరుగు పెట్టరా నాన్నా, కడుపు చల్లబడుతుంది" అంది మామ్మ.

మందుల దుకాణంలో దొరికే ప్రోబయోటిక్ పొడి తెస్తే ఇంకా మంచిదేమో అన్నాడు తండ్రి. అందులో ఉండేదీ మేలు చేసే బ్యాక్టీరియానే కదా అని ఆయన ఆలోచన.

ఇద్దరి సలహాల్లోనూ కొంత నిజం ఉంది. అయితే 30 గ్రాముల బరువున్న ప్రాణికి విరేచనాలు పట్టుకుంటే ఒంట్లోని నీరు తగ్గిపోవడానికి ఎక్కువ సమయం పట్టదు. ఏది పనిచేస్తుందో తేలేవరకు వేచి చూసే వెసులుబాటు ఉండదు. అందుకే మూడు విషయాలు ముందే తెలిసి ఉండాలి. చిట్టెలుక పేగుల్లో ఎవరు నివసిస్తున్నారు? బయటి నుంచి పంపిన బ్యాక్టీరియా అక్కడ నిలుస్తుందా? నిలవకపోతే, అసలు వాటి కడుపును కాపాడేది ఏది?

ప్రోబయోటిక్ అంటే ఏమిటి?

"తగిన మోతాదులో ఇచ్చినప్పుడు, తీసుకున్న ప్రాణి ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులు" అనే అర్థంలో 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణులు ప్రోబయోటిక్‌ను నిర్వచించారు. ఇందులో మూడు షరతులున్నాయి. సూక్ష్మజీవి బతికి ఉండాలి. తగినంత సంఖ్యలో ఉండాలి. దానివల్ల మేలు కలుగుతుందని రుజువు కావాలి. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2011లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా, ఏ సూక్ష్మజీవి ఏ మేలు చేస్తుందో విడివిడిగా పరీక్షించి చూపాలని కోరుతున్నాయి.

ఈ ఆలోచనకు నూరేళ్లకు పైగా చరిత్ర ఉంది. రోగనిరోధక శక్తిపై పరిశోధనకు 1908లో నోబెల్ బహుమతి పంచుకున్న ఎలీ మెచ్నికాఫ్, పాలను పులియబెట్టే బ్యాక్టీరియా పేగుల్లోని హానికర సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతుందని ప్రతిపాదించాడు. పెరుగు తినే అలవాటుకు, దీర్ఘాయుష్షుకు సంబంధం ఉండవచ్చని అతడు భావించాడు.

ఇంట్లో తోడుపెట్టిన పెరుగులో కోట్లాది లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా సజీవంగా ఉంటుంది. అంతమాత్రాన ప్రతి పెరుగూ ప్రోబయోటిక్ అనలేం. తోడు మారితే అందులోని బ్యాక్టీరియా రకాలూ, వాటి సంఖ్యా మారతాయి. వాటిలో ఏది జీర్ణాశయంలోని ఆమ్లాన్ని తట్టుకుని పేగుల దాకా చేరుతుందో ఇంట్లో చెప్పడం సాధ్యం కాదు. పెరుగు మంచి ఆహారమే. మోతాదు తెలిసిన మందు మాత్రం కాదు.

చిట్టెలుక కడుపు ఎలా పనిచేస్తుంది?

చిట్టెలుక జీర్ణవ్యవస్థ పైకి మన దానిలాగే కనిపించినా, కొన్ని తేడాలు చాలా ముఖ్యమైనవి.

మొదటిది జీర్ణాశయం. చిట్టెలుక జీర్ణాశయంలో రెండు భాగాలుంటాయి. ముందు భాగంలో జీర్ణరసాలను స్రవించే గ్రంథులు ఉండవు. దాని లోపలి గోడకు లాక్టోబాసిల్లస్ జాతి బ్యాక్టీరియా పొరలా అతుక్కుని నివసిస్తుంది. తిన్న ఆహారం అక్కడ కొంతసేపు ఆగి, ఈ బ్యాక్టీరియాను కలుపుకుని కింది భాగాలకు వెళ్తుంది. అంటే పేగులకు లాక్టోబాసిల్లస్‌ను సరఫరా చేసే కేంద్రం చిట్టెలుక ఒంట్లోనే ఉంది.

రెండోది అంధనాళం. చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట ఒకవైపు మూసుకుపోయిన సంచిలాంటి భాగమిది. మనిషిలో ఇది చిన్నదే. చిట్టెలుకలో మాత్రం శరీరంతో పోలిస్తే చాలా పెద్దది. చిట్టెలుక తన ఎంజైములతో జీర్ణం చేసుకోలేని పీచు పదార్థాన్ని ఇక్కడి బ్యాక్టీరియా పులియబెడుతుంది. అప్పుడు పుట్టే ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ వంటి చిన్న కొవ్వు ఆమ్లాల్లో బ్యూటిరేట్ పెద్దపేగు గోడ కణాలకు ముఖ్యమైన ఇంధనం.

మూడోది కాస్త వింతగా అనిపించే అలవాటు. చిట్టెలుకలు తమ పెంటికల్లో కొన్నింటిని తిరిగి తింటాయి. దీనిని కోప్రోఫేగీ అంటారు. కుందేళ్లలోనూ ఈ అలవాటు ఉంది. పేగు చివరి భాగంలో బ్యాక్టీరియా తయారుచేసిన బి విటమిన్లు, కె విటమిన్ అక్కడ పూర్తిగా ఒంటికి పట్టవు. పెంటికను తిరిగి తిన్నప్పుడు అవి రెండోసారి పేగుల గుండా ప్రయాణించి ఒంటికి అందుతాయి. వాటితోపాటే సొంత బ్యాక్టీరియా కూడా మళ్లీ లోపలికి చేరుతుంది. ఒకే పంజరంలో ఉన్న చిట్టెలుకలు ఒకదాని పెంటికలను మరొకటి తింటాయి కాబట్టి వాటి పేగుల్లోని సూక్ష్మజీవులు క్రమంగా ఒకేలా తయారవుతాయి. పరిశోధనశాలల్లో ఇది ఎంత మామూలంటే, ఫలితాలను లెక్కించేటప్పుడు ఏ చిట్టెలుక ఏ పంజరంలో పెరిగిందన్నది కూడా శాస్త్రవేత్తలు పరిగణనలోకి తీసుకుంటారు.

మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. చిట్టెలుకలకు వాంతి చేసుకునే శక్తి లేదు. పడని పదార్థం ఒకసారి కడుపులోకి వెళ్తే బయటికి కక్కే దారి ఉండదు. కొత్త ఆహారాన్ని కొద్దికొద్దిగానే అలవాటు చేయాలనడానికి ఇదొక కారణం.

సూక్ష్మజీవులు లేకపోతే ఏమవుతుంది?

సూక్ష్మజీవులు పూర్తిగా లేని జంతువును పెంచవచ్చా అన్న ప్రశ్నకు జవాబు వెతుకుతూ 1895లో బెర్లిన్‌లో నట్టాల్, తియర్‌ఫెల్డర్ అనే శాస్త్రవేత్తలు గినీ పందులపై ప్రయోగాలు చేశారు. తర్వాతి దశాబ్దాల్లో క్రిమిరహిత చిట్టెలుకల పెంపకం సాధ్యమైంది. గాలి, నీరు, మేత అన్నీ శుద్ధి చేసిన మూసిన గదుల్లో వీటిని పెంచుతారు.

ఈ చిట్టెలుకలు బతుకుతాయి గాని వాటి శరీరం మామూలుగా ఉండదు. అంధనాళం బాగా ఉబ్బిపోతుంది. పేగుల్లో రోగనిరోధక వ్యవస్థ పూర్తిగా ఎదగదు. కె విటమిన్‌ను మేతలోనే ఎక్కువగా కలపాల్సి వస్తుంది. మామూలు చిట్టెలుకల అంధనాళంలోని సూక్ష్మజీవులను వీటికి అందించి చూస్తే, తిండి తగ్గినా రెండు వారాల్లో ఒంట్లో కొవ్వు దాదాపు 60 శాతం పెరిగిందని 2004లో అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆహారం నుంచి శక్తిని రాబట్టడంలో పేగు సూక్ష్మజీవుల పాత్ర ఎంతటిదో ఈ ప్రయోగం చూపింది.

ఆరోగ్యంగా ఉన్న పేగు సూక్ష్మజీవుల సమాజం చేసే మరో పని కాపలా. 1950లలో అమెరికాలో బోన్‌హాఫ్, మిల్లర్ బృందం ఒక ముఖ్యమైన విషయం గమనించింది. మామూలు చిట్టెలుకకు సాల్మొనెల్లా సోకాలంటే నోటి ద్వారా లక్ష దాకా క్రిములు కావాలి. ముందుగా ఒక మోతాదు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చిన చిట్టెలుకకు పది కన్నా తక్కువ క్రిములే సరిపోయాయి. పేగులోని స్థానిక బ్యాక్టీరియా చోటును, తిండిని ఆక్రమించుకుని ఉన్నంతకాలం బయటి రోగక్రిమికి నిలిచే వీలు దొరకదు. ఆ స్థానికులను మందు తుడిచిపెడితే తలుపు తెరిచినట్టే.

బయటి బ్యాక్టీరియా నిలుస్తుందా?

ప్రోబయోటిక్ పొడికీ ఇదే కాపలా ఎదురవుతుంది. మంచి బ్యాక్టీరియా అయినా, చెడ్డ బ్యాక్టీరియా అయినా స్థానికుల దృష్టిలో బయటివే.

లాక్టోబాసిల్లస్ రాయిటెరి అనే బ్యాక్టీరియా మనిషి, పంది, కోడి, ఎలుక వంటి ఎన్నో ప్రాణుల్లో ఉంటుంది. పేరు ఒకటే అయినా ఒక్కో ప్రాణిలోని రకం వేరు. ఇలా ఒకే జాతిలోని వేర్వేరు వంశాలను స్ట్రెయిన్లు అంటారు. వేర్వేరు ప్రాణుల నుంచి సేకరించిన స్ట్రెయిన్లను చిట్టెలుకలకు ఇచ్చి చూసిన పరిశోధనల ఫలితాలు 2011లోనూ, ఆ తర్వాతా వెలువడ్డాయి. ఎలుక జాతుల నుంచి తీసినవే చిట్టెలుక జీర్ణాశయపు ముందు భాగంలో గట్టిగా అతుక్కుని పొర కట్టాయి. మనిషి నుంచి తీసినవి అలా నిలదొక్కుకోలేకపోయాయి. ఎన్నో తరాలుగా ఒకే ప్రాణితో కలిసి బతుకుతూ ఆ బ్యాక్టీరియా దానికే అలవాటుపడిపోయిందన్నమాట.

మందుల దుకాణంలో మనుషుల కోసం అమ్మే ప్రోబయోటిక్స్ చిట్టెలుక పేగుల్లో స్థిరపడకుండానే వెళ్లిపోయే అవకాశం ఎక్కువ. వెళ్తూ వెళ్తూ కూడా అవి కొంత పని చేయవచ్చు. ఆమ్లాన్ని విడుదల చేసి రోగక్రిముల పెరుగుదలను తగ్గించవచ్చు, పేగు గోడకు సంకేతాలు పంపవచ్చు. ఇవ్వడం ఆపితే మాత్రం కొద్ది రోజుల్లోనే ఆ ప్రభావం పోతుంది.

ఇక్కడ ఒక చిత్రమైన పరిస్థితి ఉంది. ప్రోబయోటిక్స్ గురించి నేడు తెలిసిన దానిలో చాలా భాగం చిట్టెలుకలు నేర్పినదే. ఉదాహరణకు, ఐర్లాండ్‌లోని కార్క్ నగర పరిశోధకులు 2011లో ప్రకటించిన ప్రయోగంలో లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ స్ట్రెయిన్ ఒకటి తీసుకున్న చిట్టెలుకల్లో ఆందోళన తగ్గింది. ఒత్తిడికి గురైనప్పుడు పెరిగే హార్మోనూ తగ్గింది. పేగు నుంచి మెదడుకు వెళ్లే వేగస్ నాడిని కోసేస్తే ఆ ప్రభావం కనిపించలేదు. అదే స్ట్రెయిన్‌ను ఆరోగ్యవంతులైన పురుషులకు ఇచ్చి చూసినప్పుడు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2017లో తేలింది. చిట్టెలుకలో పనిచేసింది మనిషిలో పనిచేయకపోవచ్చు. మనిషి కోసం తయారుచేసింది చిట్టెలుకలో పనిచేయకపోవచ్చు.

పైగా ప్రయోగశాలలోని చిట్టెలుకలన్నీ దాదాపు ఒకే జన్యువులతో, ఒకే మేతతో, ఒకే ఉష్ణోగ్రతలో పెరుగుతాయి. సరిగ్గా లెక్కించిన సంఖ్యలో బ్యాక్టీరియాను రోజూ వాటికి అందిస్తారు. ఇంట్లో పెంచుకునే చిట్టెలుకకు వీటిలో ఏదీ వర్తించదు. మనుషుల మేలు కోసం వేలాది చిట్టెలుకలపై పరీక్షలు జరిగాయి గాని, పెంపుడు చిట్టెలుకల మేలు కోసం జరిగినవి అరుదు.

యాంటీబయోటిక్ వాడిన తర్వాత

ప్రోబయోటిక్ అవసరమని చాలామంది భావించే సందర్భం యాంటీబయోటిక్ కోర్సు. ఈ మందుల చరిత్రలో ఒక తెలుగు శాస్త్రవేత్త పేరు ప్రముఖంగా వినిపిస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడే బెంజమిన్ డుగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకానికి వెల్లడైంది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటి మందు అదే. అంతకుముందు 1945లో సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ రోజుల్లో ఒక నమూనాలో ఫోలిక్ ఆమ్లం ఎంత ఉందో తెలుసుకోవడానికి, అందులో లాక్టోబాసిల్లస్ కేసీ అనే బ్యాక్టీరియా ఎంత బాగా పెరుగుతుందో కొలిచేవారు. నేడు ప్రోబయోటిక్ పానీయాల్లో వాడుతున్నది ఆ బ్యాక్టీరియాకు దగ్గరి బంధువులనే. రోగక్రిములను చంపే మందుపైనా, ఒక మంచి బ్యాక్టీరియాను కొలబద్దగా చేసుకున్న విటమిన్‌పైనా ఒకే ప్రయోగశాలలో పని జరిగింది.

టెట్రాసైక్లిన్ల వంటి మందులు ఎన్నో రకాల బ్యాక్టీరియాపై పనిచేస్తాయి. రోగక్రిమినీ, పేగుల్లోని స్థానికులనూ అవి వేరు చేసి చూడవు. మరి మందు ఆపాక స్థానికులు తిరిగి రావడానికి ప్రోబయోటిక్ సాయపడుతుందా?

ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ శాస్త్రవేత్తలు 2018లో ఈ ప్రశ్నను చిట్టెలుకల్లోనూ మనుషుల్లోనూ పరీక్షించారు. యాంటీబయోటిక్ వాడాక కొందరిని అలాగే వదిలేశారు. కొందరికి 11 స్ట్రెయిన్లు కలిసిన ప్రోబయోటిక్ ఇచ్చారు. మరికొందరికి, మందు వాడకముందు సేకరించి దాచిన వారి సొంత మలంలోని సూక్ష్మజీవులను తిరిగి ఇచ్చారు. సొంత సూక్ష్మజీవులు అందుకున్నవారిలో పేగులు కొద్ది రోజుల్లోనే పూర్వస్థితికి వచ్చాయి. ఏమీ ఇవ్వనివారిలో కొంచెం ఆలస్యమైంది. అందరికన్నా ఆలస్యమైంది ప్రోబయోటిక్ తీసుకున్నవారిలోనే. స్థానికులు ఖాళీ చేసిన చోటును ప్రోబయోటిక్ బ్యాక్టీరియా ఆక్రమించి, వారి రాకను అడ్డుకుంది.

ఈ ఒక్క ప్రయోగంతో ప్రోబయోటిక్స్ అన్నీ హానికరమని తీర్మానించడం సరికాదు. వాడిన స్ట్రెయిన్లు మారితే ఫలితాలూ మారవచ్చు. కానీ "పెట్టి చూద్దాం, మేలు జరగకపోయినా కీడు ఉండదు కదా" అన్న మాట ఎప్పుడూ నిజం కాదని ఇది చెబుతోంది. మరో విశేషం కూడా ఉంది. ఈ ప్రయోగంలో అన్నిటికన్నా బాగా పనిచేసిన పద్ధతిని చిట్టెలుక రోజూ తనంతట తానే పాటిస్తోంది. పెంటికలు తినడం అంటే సొంత సూక్ష్మజీవులను తిరిగి తెచ్చుకోవడమే.

మేతలోనే ఉంది మర్మం

మేతకు, ఆరోగ్యానికి ఉన్న సంబంధాన్ని మన దేశంలో తొలినాళ్లలో పరిశీలించినవారిలో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒకరు. 1918లో కూనూరులో ఆయన ప్రారంభించిన చిన్న పరిశోధన విభాగమే ఎదిగి, 1958లో హైదరాబాద్‌కు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. మెక్‌కారిసన్ దేశంలోని వేర్వేరు ప్రాంతాల ప్రజల భోజనాన్ని ఎలుకలకు పెట్టి చూశాడు. ముడి గోధుమ రొట్టె, పప్పు, కూరగాయలు, పాలు ఉన్న భోజనం తిన్న ఎలుకలు ఏపుగా పెరిగాయి. పాలిష్ పట్టిన బియ్యం ప్రధానంగా ఉన్న భోజనం తిన్నవి బలహీనపడ్డాయి. పేగు సూక్ష్మజీవులను లెక్కించే సాధనాలు అప్పట్లో లేవు. అయినా మేత మారితే ఆరోగ్యం మారుతుందని స్పష్టమైంది.

సూక్ష్మజీవుల సంగతిని 2016లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ బృందం బయటపెట్టింది. పీచు పదార్థం బాగా తక్కువగా ఉన్న మేతతో చిట్టెలుకలను కొన్ని తరాలపాటు పెంచితే, తరం మారినకొద్దీ వాటి పేగుల్లోని బ్యాక్టీరియా రకాలు తగ్గుతూ వచ్చాయి. మొదటి తరంలోనైతే పీచు తిరిగి పెట్టగానే చాలా రకాలు కోలుకున్నాయి. నాలుగో తరానికి వచ్చేసరికి పీచు ఎంత పెట్టినా పోయినవి తిరిగి రాలేదు. పోయిన సూక్ష్మజీవులనే మళ్లీ అందిస్తూ పీచు పెట్టినప్పుడే ఫలితం కనిపించింది. విత్తనం ఉన్నంతవరకు నీళ్లు పోస్తే మొలకెత్తుతుంది. విత్తనమే పోయాక నీళ్లు పోసి లాభం లేదు.

పేగుల్లోని వైవిధ్యం ప్రాణాన్ని ఎలా కాపాడుతుందో 2017లో వెలువడిన మరో పరిశోధన చూపింది. బయట తిరిగే అడవి చిట్టెలుకల పేగు సూక్ష్మజీవులను ప్రయోగశాల చిట్టెలుకలకు అందించి, వాటికి ప్రాణాంతక మోతాదులో ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ఎక్కించారు. వాటిలో 92 శాతం బతికాయి. అందించనివాటిలో 17 శాతమే బతికాయి. దీన్ని చదివి ఇంట్లో పెంచే చిట్టెలుకను వీధి ఎలుకలతో కలపకూడదు. వీధి ఎలుకలు సాల్మొనెల్లా, లెప్టోస్పైరా వంటి రోగక్రిములను మోసుకొస్తాయి. ప్రయోగశాలలో వాడినవి ముందే రోగక్రిముల కోసం పరీక్షించి ఎంచుకున్న నమూనాలు.

ఇంట్లో పాటించవలసినవి

పైన చెప్పినవాటి నుంచి ఆచరణలో పెట్టదగిన కొన్ని సూత్రాలు తేలతాయి.

మేత: రోజువారీ మేతగా చిట్టెలుకల కోసం తయారుచేసిన గుళికలు ఉండాలి. వాటికి తోడుగా ఓట్లు, కొర్రలు, జొన్నలు వంటి ముడిధాన్యాలు, కడిగిన ఆకుకూర ముక్క కొద్దిగా ఇవ్వవచ్చు. బిస్కెట్లు, మిఠాయిలు, వేపుళ్లు పెట్టకూడదు. మేత మార్చాలంటే పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ వారం పదిరోజుల్లో మార్చాలి. వానాకాలంలో గుళికలకు త్వరగా బూజు పడుతుంది. మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టి, బూజు వాసన వస్తే పారేయాలి.

పాలు, పెరుగు: పాలు విడిచిన తర్వాత చిట్టెలుకల్లో లాక్టోజ్‌ను జీర్ణం చేసే ఎంజైము బాగా తగ్గిపోతుంది. అందువల్ల పాలు పోస్తే విరేచనాలు రావచ్చు. పెరుగులో లాక్టోజ్ కొంత తక్కువ. ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుకకు చక్కెర, ఉప్పు కలపని పెరుగు ఒక చుక్క అప్పుడప్పుడు ఇస్తే సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఇక్కడ లెక్క ముఖ్యం. చిట్టెలుక రోజుకు తినేది 3 నుంచి 5 గ్రాములు. ఒక చెంచా పెరుగు సుమారు 5 గ్రాములు, అంటే 30 గ్రాముల చిట్టెలుక బరువులో ఆరోవంతు. 60 కిలోల మనిషి ఒక్కసారిగా 10 కిలోల పెరుగు తిన్నట్టు!

ప్రోబయోటిక్ పొడి: పశువైద్యులు సూచిస్తేనే, వారు చెప్పిన రకం, చెప్పిన మోతాదులోనే వాడాలి. మనుషులకు అమ్మే బాసిల్లస్ క్లౌసీ ద్రవంలో 5 మిల్లీలీటర్లకు 200 కోట్ల సిద్ధబీజాలు ఉంటాయి. ఆ మోతాదు మనిషి కోసం నిర్ణయించినది. పొడిని నీళ్ల సీసాలో కలిపి రోజంతా వదిలేస్తే అందులో ఎంత బ్యాక్టీరియా బతికి ఉంటుందో తెలియదు, వేరే క్రిములు పెరిగే ప్రమాదమూ ఉంది. నీటిలోని క్లోరిన్ కూడా కొన్నింటిని చంపుతుంది. వేసవిలో జంషెడ్‌పూర్‌లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. చల్లగా ఉంచవలసిన పొట్లం అలమారలో ఉండిపోతే, అందులోని బ్యాక్టీరియా క్రమంగా చనిపోయి వట్టి పొడి మిగులుతుంది.

యాంటీబయోటిక్: ఇంట్లో మిగిలిన మాత్రను పొడి చేసి ఎన్నడూ పెట్టకూడదు. పెన్సిలిన్, క్లిండామైసిన్ వంటివి గినీ పందులు, హామ్‌స్టర్లలో పేగు సూక్ష్మజీవుల సమతుల్యాన్ని చెడగొట్టి ప్రాణం తీయగలవు. చిట్టెలుకలు వాటికన్నా తట్టుకుంటాయి గాని, మందు ఎంపిక పశువైద్యుడి పని.

పంజరం: మురికి పట్టిన చెక్కపొట్టును క్రమం తప్పకుండా మార్చాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు గూడులోని శుభ్రమైన భాగాన్ని కొంత ఉంచితే, తెలిసిన వాసన ఉండి చిట్టెలుక కంగారుపడదు. విరేచనాలు ఉన్నప్పుడు మాత్రం జబ్బుపడినదాన్ని వేరు చేసి, పంజరం మొత్తం కడిగి ఆరబెట్టాలి. తోటి చిట్టెలుకకు మంచి బ్యాక్టీరియాను అందించే పెంటికల దారిలోనే రోగక్రిమి కూడా ప్రయాణిస్తుంది.

చేతులు: పంజరం ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పైకి ఆరోగ్యంగా కనిపించే చిట్టెలుక నుంచి కూడా సాల్మొనెల్లా మనుషులకు సోకవచ్చు. చిన్నపిల్లలు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఉన్న ఇళ్లలో మరింత జాగ్రత్త అవసరం.

ఎప్పుడు ఆగకూడదు?

విరేచనాలు జబ్బు కాదు, ఒక లక్షణం. మేత హఠాత్తుగా మారడం, సాల్మొనెల్లా, సిట్రోబాక్టర్ వంటి బ్యాక్టీరియా, ఎలుకల్లో వచ్చే కొన్ని వైరస్‌లు, పేగు పరాన్నజీవులు ఇలా ఎన్నో కారణాలు ఉండవచ్చు. పరాన్నజీవులకు పెరుగు మందు కాదు.

పెంటికలు నీళ్లలా ఉండటం, రక్తం కనిపించడం, వెంట్రుకలు రేగి ఉండటం, వీపు వంచుకుని కూర్చోవడం, కళ్లు సగం మూసుకోవడం, ఒళ్లు చల్లబడటం, తినకపోవడం, వీపు చర్మాన్ని మెల్లగా లాగి వదిలితే వెంటనే సర్దుకోకపోవడం ప్రమాద సూచనలు. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే పశువైద్యుడికి చూపాలి. ఈలోగా చిట్టెలుకను వెచ్చగా, నిశ్శబ్దంగా ఉన్నచోట ఉంచి, శుభ్రమైన నీరు, అలవాటైన గుళికలు అందుబాటులో పెట్టాలి. తాజా పెంటికలను చిన్న శుభ్రమైన డబ్బాలో తీసుకెళ్తే పరీక్షకు పనికొస్తాయి. చిన్న జంతువులకు చికిత్స చేసే వైద్యులు అన్నిచోట్లా ఉండరు. అందువల్ల దగ్గర్లో ఎవరున్నారో చిట్టెలుకలను కొనే ముందే కనుక్కోవడం మంచిది. జార్ఖండ్‌లో పశువైద్య కళాశాల రాంచీ శివార్లలోని కాంకేలో, బిర్సా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఉంది.

విద్యార్థులకు ఒక పరిశీలన

చిట్టెలుకలు జబ్బును దాచుకునే ప్రాణులు. పైకి తెలిసేలోపే బరువు తగ్గడం మొదలవుతుంది. గ్రాము వరకు చూపే వంటింటి తూకంతో దీన్ని పసిగట్టవచ్చు. తూకంపై ఖాళీ డబ్బా పెట్టి సున్నాకు తెచ్చి, చిట్టెలుకను అందులో ఉంచి బరువు చూడాలి. వారానికి రెండుసార్లు, ఒకే సమయంలో తూచి, తేదీ, బరువు, పెంటికల తీరు, ఆ రోజు పెట్టిన మేత ఒక నోటు పుస్తకంలో రాయాలి. నెల తర్వాత గ్రాఫ్ గీస్తే ఆ చిట్టెలుకకు ఏది మామూలో తెలుస్తుంది. 30 గ్రాముల చిట్టెలుక 27 గ్రాములకు వచ్చిందంటే పదోవంతు తగ్గినట్టు. పరిశోధనశాలల్లో ఐదోవంతు తగ్గడాన్ని చాలా తీవ్రమైన పరిస్థితిగా పరిగణిస్తారు.

పిల్లవాడి నోటు పుస్తకంలో అలాంటి లెక్క ఉంటే, ఆ ఉదయం టెల్కో కాలనీ ఇంట్లో చర్చ మరోలా సాగేది. ముందురోజు ఏ మేత మారింది, గుళికలకు బూజు పట్టిందా, బరువు ఎప్పటి నుంచి తగ్గుతోంది అన్నవి పశువైద్యుడు మొదట అడిగే ప్రశ్నలు. మామ్మ చెప్పిన పెరుగు చుక్క, చిట్టెలుక కోలుకున్నాక ఎప్పుడైనా ఇవ్వవచ్చు. అంతవరకు దాని కడుపులోని స్థానికులను కాపాడేవి సరైన మేత, శుభ్రమైన పంజరం, పక్కన ఆరోగ్యంగా ఉన్న తోడు, సమయానికి వైద్యం.